పన్నెండు వేలు, మూడు వేలు

2025 నవంబరు 16, ఆదివారం
కత్రిగుప్పె, బెంగళూరు

పొద్దున ఆరున్నరకే మా ఆయన లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. హైదరాబాదు ఆఫీసుకు మారతారా అని కంపెనీ వాళ్లు అడిగి పది రోజులైంది. శుక్రవారం లోపల ఏదో ఒకటి చెప్పాలి. నేను కాఫీ పెట్టి తెచ్చేసరికి ఆయన లెక్క పూర్తయింది. ఎడమవైపు బెంగళూరు, కుడివైపు హైదరాబాదు, అడుగున పచ్చరంగులో ఒక అంకె. నెలకు 12,000 మిగులు.

లెక్క బాగానే వేశారు. పెరిగే జీతం పన్ను పోగా 28,000. ఇక్కడ మేముండే ఇంటి అద్దె 26,000. ఏడేళ్ల నుంచి ఒకే ఇల్లు కాబట్టి ఓనరు పెద్దగా పెంచలేదు. ఇప్పుడు ఇదే వీధిలో కొత్తగా దిగేవాళ్లు 35,000 దాకా ఇస్తున్నారు. హైదరాబాదు నల్లగండ్లలో చూసిన రెండు బెడ్రూముల ఫ్లాటు మెయింటెనెన్సుతో కలిపి 36,000. అంటే పది వేలు ఎక్కువ. చిన్నోడి స్కూలు ఫీజు ఏడాదికి 50,000 పెరుగుతుంది, నెలకు నాలుగు వేలనుకోవచ్చు. ఇక కరెంటు. ఇక్కడ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వచ్చినప్పటి నుంచి, అంటే 2023 ఆగస్టు నుంచి, మా బిల్లు సున్నా. అద్దెకు ఉండేవాళ్లకు కూడా ఇస్తున్నారు. తెలంగాణలో అదే పేరుతో 200 యూనిట్ల పథకం ఉంది గానీ దానికి తెల్ల రేషన్ కార్డు కావాలి, మాకు రాదు. పైగా మాకు ఇక్కడ ఏసీ లేదు, ఎప్పుడూ అవసరం పడలేదు. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది. అమ్మ గదిలోనైనా ఒకటి పెట్టక తప్పదు. అన్నీ కలిపి కరెంటుకు నెలకు సగటున రెండు వేలు రాశారు.

పెట్రోలు కూడా వదల్లేదు. ఇక్కడ లీటరు 103 లోపే, అక్కడ 107 పైన. బండి మీద తిరిగేది తక్కువే కాబట్టి అది పెద్ద తేడా కాదు.

ఒక్కసారే పడే ఖర్చులు వేరే పేజీలో రాశారు. సామాను లారీకి 45,000. మేమిచ్చిన రెండు లక్షల అడ్వాన్సు వెనక్కి వస్తుంది గానీ, పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం ఈ ఊరి పద్ధతి. హైదరాబాదులో రెండు నెలల అద్దె అడ్వాన్సు ఇస్తే చాలట, అక్కడివాళ్లు ఎంత అదృష్టవంతులో అనిపించింది. మా కారు కేఏ-05 బండి. పన్నెండు నెలలకు మించి అక్కడ ఉంచితే ఇక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదని ఎన్‌వోసీ పత్రం తెచ్చుకొని, అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి టీజీ నంబరు తీసుకోవాలి. ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు. అది ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేమని ఆ గడి ఖాళీగా వదిలారు.

అన్నీ చదివాక ఒక వరుస దగ్గర ఆగిపోయాను. 'తన జీతం: 34,000' అని రెండు వైపులా అదే అంకె.

నేనేమీ అనలేదు అప్పుడు. తొమ్మిదేళ్లుగా ఒకే స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఆ 34,000 ఒక్కరోజులో రాలేదు. ప్రతి జూన్‌లో వెయ్యి, పదిహేను వందలు పెరుగుతూ వచ్చింది. సామాన్ల లారీలో దాన్ని కూడా ఎక్కించుకుపోవచ్చన్నట్టు ఆయన రాసేశారని బాధ కలిగింది. ఆయన చెడ్డవారు కాదు. తట్టలేదంతే. తట్టకపోవడమే నాకు బాధ.

తొమ్మిది గంటలకు చిన్నోడు లేచాడు. వాడు ఎనిమిదో తరగతి. మాకు ఇంత తొందర రావడానికి అసలు కారణం వాడే. కాలేజీ సీట్లకు తెలంగాణలో లోకల్ కావాలంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదవాలి. మెడికల్ సీట్లకు ఆ నిబంధన సరైనదేనని మొన్న సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కర్ణాటకలో ఏడేళ్ల చదువుతో పాటు పదో పన్నెండో ఇక్కడ పాసై ఉండాలి. ఆ ఏడేళ్లు వాడికి ఇప్పటికే ఉన్నాయి. వచ్చే జూన్‌లో వెళితే అక్కడి లెక్క సరిపోతుంది. ఒక్క ఏడాది ఆలస్యంగా వెళితే అక్కడా లోకల్ కాడు, ఇక్కడ పదో తరగతి కూడా ఉండదు. ఇంకా ఇంజనీరింగో మరొకటో తేలని పిల్లాడి కోసం ఇప్పుడే ఇదంతా చూసుకోవాల్సి రావడం ఎంత టెన్షనో పిల్లలున్న వాళ్లకే తెలుస్తుంది.

వాడికి తెలుగు చదవడం రాదు. స్కూల్లో కన్నడం రెండో భాష. అక్కడ తెలుగు తప్పనిసరి కాబట్టి పది రోజులుగా మా అమ్మ పలక పట్టుకుని కూర్చుంటోంది. "అవ్వా, ఇవి మా అక్షరాలే కదా" అంటాడు వాడు. సగం నిజమే. తలకట్టు మాత్రం కన్నడంలో పడుకోబెట్టిన గీతలా రాస్తాడు. "పైకి లేపరా నాయనా" అంటుంది అమ్మ.

సాయంత్రం అమ్మను బసవనగుడికి తీసుకెళ్లాను. రేపు కార్తీకం చివరి సోమవారం, కడలెకాయి పరిషె, అంటే శెనక్కాయల జాతర. దొడ్డ బసవణ్ణ గుడి దగ్గర అంగళ్లు ముందే వెలిశాయి. రోడ్డుకు రెండు వైపులా పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి కుప్పలు. మాది హిందూపురం. శెనక్కాయల పంట మధ్యే పుట్టి పెరిగినా అమ్మకు ఈ పరిషె అంటే ప్రాణం. మడకశిర నుంచి వచ్చిన ఒకామె దగ్గర కూర్చుని, ఈ ఏడు వానెట్లా పడింది, కాయ ఎట్లా దిగింది అని అరగంట మాట్లాడింది. సేరుతో కొలిచి పోస్తుంటే సంచి పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను.

మేం హైదరాబాదు పోతున్నామంటే అందరూ "సొంతూరికి పోతున్నారన్నమాట" అంటున్నారు. భాష వరకు నిజం. కానీ ఇక్కడి నుంచి హిందూపురం వంద కిలోమీటర్లు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి మామయ్య ఇంట్లో ఉంటాం. హైదరాబాదు నుంచి నాలుగు వందల యాభై పైమాటే, ఒక రాత్రి ప్రయాణం. మా చిన్నప్పుడు జ్వరం ముదిరినా, పెళ్లి చీరలు కొనాలన్నా బెంగళూరే. మాకు పట్నం అంటే ఇదే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మను అడిగాను, నీకేమనిపిస్తోందమ్మా అని.

"మీరు యాడుంటే నేనూ ఆడే పాపా. పార్కులో ఆ ముసలోళ్లకు మాత్రం ఇంకా చెప్పలేదు, ఎట్ల చెప్పేది?" అంది. ఆ పార్కులో అమ్మతో కలిపి వాళ్లు నలుగురు. ఇద్దరిది కన్నడం, ఒకామెది తమిళం. ఏడేళ్లలో అమ్మ వాళ్ల మాటలు నేర్చుకుంది, వాళ్లు అమ్మవి నేర్చుకున్నారు. డెబ్బై ఒకటో ఏట మళ్లీ అలాంటివాళ్లను ఎక్కడ వెతుక్కుంటుంది?

మా ఆయన వైపు నుంచి చూసినా అంతే. ఎలక్ట్రానిక్ సిటీకి ఎన్నేళ్లు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నలిగిపోయారో. ఈ ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో మొదలయ్యాక ఏడు గంటలకల్లా ఇంట్లో ఉంటున్నారు. చిన్నోడితో కలిసి అన్నం తింటున్నారు.

రాత్రి హైదరాబాదులో టీచరుగా ఉన్న నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. కొత్తగా చేరేవాళ్లకు వాళ్ల స్కూల్లో 25,000 ఇస్తారట, నా అనుభవం చెబితే ఒకటో రెండో పెంచవచ్చట, ఖాయంగా చెప్పలేనంది.

అందరూ పడుకున్నాక ఆయన పక్కన కూర్చుని ఆ వరుస మార్చాను. కుడివైపు 34,000 తీసేసి 25,000 కొట్టాను. అడుగున పచ్చ అంకె మారింది. 3,000.

ఆయన చాలాసేపు తెర వైపే చూశారు. ఒలిచిన శెనక్కాయలు గిన్నెలో అలాగే ఉన్నాయి.

"నీది అడగాల్సింది" అన్నారు చివరికి. ఇంకాసేపాగి, "మీ ప్రిన్సిపాల్ మేడమ్‌తో ఇంకా ఏమీ అనలేదు కదా?"

అనలేదన్నాను.

"రేపు కూడా అనకు."