హ్యాట్ మీడియంలో ఎవరు చచ్చారు, ఎవరు బతికారు?

ఫైనల్ ఇయర్‌లో ఇమ్యునాలజీ, మాలిక్యులర్ మెడిసిన్ ఒకే సెమిస్టర్‌లో మీద పడ్డాయి. దానికి తోడు ఎమ్మెస్సీ సీట్ల కోసం రాసే జామ్ ఎంట్రన్స్‌కి బయోటెక్నాలజీ ప్రిపరేషన్. మాది నెల్లూరు, చదువు చెన్నైలో, ఉండేది వేళచ్చేరిలో పేయింగ్ గెస్ట్‌గా. రూమ్‌లో నలుగురం, అందులో ఇద్దరికి రాత్రంతా ఫోనే. అందుకే రైలెక్కి కోట్టూరుపురంలో దిగి అన్నా సెంటినరీ లైబ్రరీకి పోయేదాన్ని.

మొదట్లో సీడీ నంబర్ల (రోగనిరోధక కణాల పైనుండే ప్రొటీన్ల గుర్తింపు నంబర్లు) పట్టిక గోడకంటించి బట్టీ కొట్టా. డిసెంబర్ మాక్ టెస్ట్‌లో నా పరువు పోయింది. యాంటీబాడీలు చేసే బీ కణాన్ని మైలోమా అనే క్యాన్సర్ కణంతో కలిపితే వచ్చేదే హైబ్రిడోమా. కలిసినవాటిని ఏరడానికి హ్యాట్ మీడియం అనే ద్రవంలో పెంచుతారు. ప్రశ్నేమో, అందులో ఫ్యూజ్ అవ్వని బీ కణాలు ఎందుకు చస్తాయి? ఆ మీడియంలో ఉండే అమినోప్టెరిన్ అనే మందు వల్ల అని పెట్టా. తప్పు. అమినోప్టెరిన్, డీఎన్‌ఏకి ఇటుకల్లాంటి న్యూక్లియోటైడ్లను కణం కొత్తగా తయారుచేసుకునే దారిని మూసేస్తుంది. పాతవాటిని తిరిగి వాడుకోవడానికి హెచ్‌జీపీఆర్‌టీ అనే ఎంజైమ్ కావాలి. అది లేని మైలోమా కణాలు చస్తాయి. బీ కణాలకు ఆ ఎంజైమ్ ఉంది, కానీ కల్చర్‌లో ఎక్కువ రోజులు బతికే ఓపిక వాటికి లేదు. రెండూ కలిసిన కణమే నిలుస్తుంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ చూపించిన కిటుకంతా ఇదే.

అన్నట్టు, ఆ అమినోప్టెరిన్ తయారైంది మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన లెడర్లీ ల్యాబ్‌లోనే. ఆయన వైద్యం చదివింది ఇక్కడే, మద్రాస్ మెడికల్ కాలేజీలో. సెంట్రల్ దగ్గర ఆ గేటు ముందు బస్సులో వెళ్తూ చూస్తే, మాక్ టెస్ట్‌లో తప్పు పెట్టిన ఆన్సర్ గుర్తొచ్చి నవ్వొచ్చేది.

అప్పట్నుంచి ఏ టాపిక్ అయినా 'ఏది ఆగింది, ఎవరు చచ్చారు' అనే అడుగుతూ చదివా. ఇమాటినిబ్ అనే బ్లడ్ క్యాన్సర్ మందు, ఆ క్యాన్సర్‌ని నడిపే బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్‌లో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కూర్చునే చోట కూర్చుంటుంది. అక్కడ 315వ అమైనో ఆమ్లం థ్రియోనిన్ నుంచి ఐసోల్యూసిన్‌గా మారితే మందుకు చోటు చాలదు. ఇలా పట్టుకుంటే రెండు పేజీల నోట్స్ అక్కర్లేదు. బట్టీ పట్టినవాటిలో ఉంచుకుంది ఒక్కటే, ఎనిమిది లెక్క: టీ కణాలకు యాంటిజెన్ ముక్కలు చూపించే ఎమ్‌హెచ్‌సీ ప్రొటీన్లలో క్లాస్ 1 సీడీ8తో, క్లాస్ 2 సీడీ4తో జతకడతాయి, గుణిస్తే రెండుచోట్లా ఎనిమిదే.

జామ్‌లో ఎమ్మెస్‌క్యూలకు (ఒకటికి మించి సరైన జవాబులు ఉండగల ప్రశ్నలకు) నెగెటివ్ లేదు, సగం మార్కులూ లేవు. అరకొరగా చదివితే దొరికిపోయేది అక్కడే.

ఇంకో మాట. బైపీసీ నుంచి వచ్చినవాళ్లు మ్యాథ్స్, ఫిజిక్స్ ముందే తెరవండి. నేను జనవరిలో తెరిచా. పరీక్షేమో ఫిబ్రవరిలో.