ఇస్త్రీకి అంటుకున్న ముక్క

చిన్నది పడుకుంది, ఆయన వార్తలు కట్టేశారు. నాకే నిద్ర రావడం లేదు. సాయంత్రం నుంచీ లోపల ఒకటే రుసరుస. రాసేస్తే గానీ తగ్గేలా లేదు.

బొంతలు కుట్టుకునే మనం ఒకరికొకరం గుడ్డముక్కలు పోస్టులో పంపుకుంటాం కదా, ఈ విడత ముక్కల మార్పిడిలో నాకు జత పడిన ఆవిడ కవరు ఇవాళ వచ్చింది. పేరూ ఊరూ రాయను. మీలో కొందరికి తెలిసే ఉంటుంది, తెలిసినవాళ్ళు మనసులోనే ఉంచుకోండి. ఎదురుచూసి ఎదురుచూసి వచ్చిన కవరు కదా, కాఫీ పక్కన పెట్టేసి విప్పాను. పైన నాలుగైదు ముక్కలు ముచ్చటగానే ఉన్నాయి. ఇస్త్రీ చేసి చదునుగా పేర్చుకుందామని పెట్టె వేడి చేశాను. మూడో ముక్కో నాలుగోదో, గులాబీ పూలది, పెట్టె తగలగానే చుట్ట చుట్టుకుపోయి అడుగున అతుక్కుంది. గీకితే సగం వచ్చింది, సగం అక్కడే ఉంది. ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ కంపు.

అత్తయ్య లేచి వచ్చి, మిగిలిన వాటిలో ఒకటి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసి, "ఇది నూలు కాదమ్మాయ్" అనేశారు. ఆ వేళ్ళు పొరపడవు. అయినా నా తృప్తి కోసం ఒక్కో ముక్క నుంచి ఒక్కో పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట దగ్గర పెట్టాను. నూలు పోగు కాగితం కాలిన వాసనతో కాలిపోతుంది, తాకితే బూడిదై రాలిపోతుంది. టెర్లిన్, అంటే పాలియెస్టర్, అలా కాదు. మంట ఇంకా తగలకముందే వెనక్కి ముడుచుకుంటుంది, కరుగుతుంది, నల్లటి పొగ వదులుతుంది, చివరికి గట్టి పూస కడుతుంది. ఆ పూస గోటితో నొక్కినా నలగదు. స్టవ్ గట్టు మీద వరసగా పెట్టి చూసుకుంటే సగానికి సగం పూసలే.

మనం పెట్టుకున్న నియమాలేమైనా కొండమీది కోతిని తెమ్మనేవా? నూలు బట్ట కావాలి. ఒకసారి ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసి ఉండాలి. నిలువూ అడ్డం 5 అంగుళాలు ఉండాలి. అంతే కదా!

ఆ కొలతా లేదు. ఒకటి సరిగ్గా 5 ఉంది, ఒకటి పావు తక్కువ, ఇంకొకటి ఒక పక్క అయిదు, ఎదురు పక్క అయిదుకి లోపు. "పావంగుళమే కదా" అన్నారు ఆయన. పావంగుళమే. కానీ కుట్టులోకి పోయేదీ పావంగుళమే, రెండు పక్కలా. అయిదంగుళాల ముక్క కుట్టాక నాలుగున్నర అవుతుంది. పది ముక్కల వరస 45 అంగుళాలు రావాలి. ఒక్కో ముక్క పావు తగ్గితే అదే వరస 42.5 దగ్గర ఆగిపోతుంది. రెండున్నర అంగుళాల తేడా ఉన్న రెండు వరసల్ని ఎలా కలపాలి? లాగి కలిపితే పొట్టి వరస బిగిసిపోతుంది, పొడుగుది కుచ్చులు పడుతుంది. వెడల్పాటి ముక్కలన్నీ కోసుకుంటూ పోతే చివరికి అన్నీ అన్నిటికంటే చిన్న ముక్క అంతే అవుతాయి.

నేను పంపినవి తలుచుకుంటే ఇంకా మండుతోంది. మా వీధి బ్లౌజుల మాస్టారు సంచిలో కట్టిపెట్టే ముక్కలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. చంక దగ్గర మిగిలినవి, మెడ తీసినప్పుడు ఊడినవి, చేతుల అంచులు. పిడికెడు తిరగేస్తే అయిదంగుళాల చదరం వచ్చే ముక్క ఒకటి దొరుకుతుంది. టూ బై టూ రూబియా జాకెట్టు బట్ట అయితే ఒకప్పుడు చూడకుండా తీసుకునేదాన్ని, ఈమధ్య అందులోనూ కలగలుపు వస్తోందని పోగు కాల్చి చూశాకే పక్కన పెడుతున్నాను. పెడన అద్దకం ఎరుపుని నీళ్ళు తేటపడేదాకా జాడించాను. లేకపోతే పక్కనున్న తెల్ల ముక్కకి మొదటి ఉతుకులోనే గులాబీ రంగు పూసేస్తుంది, కుట్టిన ఆవిడ నన్ను తిట్టుకుంటుంది. పోచంపల్లి ముక్కలు పెట్టాను. నేతకి ముందే పోగుని ముడివేసి అద్దుతారు కాబట్టి దానికి తిరుగుపక్క ఉండదు, ఎటు తిప్పి కుట్టినా ఒకే రంగు. కుట్టేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశాక నేనూ అందులోనే పంపుతున్నాను, అక్కడ 50 గ్రాములు దాటితే పై ధర. వంటింటి త్రాసు మీద పెట్టి, దళసరివి రెండు తీసి పల్చటి మంగళగిరి రెండు పెట్టి, కవరుతో సహా సరిపోయేలా చూశాను. ఇంత చేసి పంపితే వచ్చింది ఇదీ.

(విశాఖ ఆవిడ పంపినవి నిన్ననే వచ్చాయి. పొందూరు ఖద్దరు, ఒక నీలిమందు ముక్క. ఎంత బాగున్నాయో! ఫొటో రేపు పెడతాను.)

ఆ కోపంలోనే మార్పిడి చూసుకునే అక్కకి పెద్ద మెసేజే టైపు చేశాను, ఈవిడని వచ్చే విడతలో చేర్చవద్దని. బొంతకి నూలే ఎందుకో వివరంగా చెప్పాలని మా జనగామ ఇంటికి వచ్చే బొంతలవ్వని గుర్తు తెచ్చుకున్నాను. ఆవిడంటే మాకు భయం, భక్తి. సంక్రాంతి వెళ్ళి ఎండలు ముదిరేలోపు ఎప్పుడో వచ్చేది. అమ్మ ఏడాదంతా దాచిన పాత చీరలు, నాన్న పంచెలు, చిరిగిన దుప్పట్లు వసారాలో కుప్ప పోసేది. అవ్వ వాటిని ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూసేది. ఎక్కడ పల్చబడిందో అక్కడ చెయ్యి పెడితే వేళ్ళు కనిపించేవి. పల్చటివి లోపలికి, గట్టివి కిందికి. నేల మీద పరిచి, ముడత లేకుండా అరచేత్తో మధ్య నుంచి అంచులకి నెట్టి, నాలుగు మూలలా ఇంట్లో ఉన్న సన్నికల్లూ పొత్రమూ పచ్చడి జాడీలూ బరువు పెట్టేది. తర్వాత దబ్బనం. అంచు వెంబడి ఒక చుట్టు, దాని లోపల బెత్తెడు దూరంలో ఇంకో చుట్టు, అలా కుడుతూ బొంత మీదే జరుగుతూ మధ్యకి వచ్చేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్రం కాసేపు గోడకి చేరగిలబడేది, అప్పుడు మేం ఆ దబ్బనం ముట్టుకోవాలని చూస్తే కళ్ళు మూసుకునే "పెట్టుర్రి ఆడ" అనేది. కూలి డబ్బులిచ్చేవాళ్ళం, ఇంత బియ్యం, వెళ్ళేటప్పుడు ఒక చీర.

ఈ అవ్వే నాకు సాక్ష్యం అనుకుని రాస్తున్నాను. టెర్లిన్ పెడితే ఒప్పుకునేది కాదు అని రాయబోయి ఆగాను. ఎందుకంటే ఆ మాటన్నది అవ్వ కాదు, మా అమ్మ. మా చిన్నత్త ఇచ్చిన నైలెక్స్ అనే సింథటిక్ చీర ఒకటి, పచ్చ మీద పసుపు పూలది, పారేద్దామని అమ్మ పక్కన పెట్టింది. అవ్వ దాన్ని లాక్కుని, "గిది పైకి ఎయ్యాలమ్మా. నూలు చినుగుతది, గిది చినగది, రంగు వోదు" అంది. "సూది దిగుతదా దాంట్ల?" అని అమ్మ. "దిగకెక్కడ వోతది" అని అవ్వ దబ్బనం తలలో రాసుకుని దింపింది. తల నూనెకి ఆ జారుడు బట్టలోకి సూది నిజంగానే దిగింది.

ఆ బొంత అన్నయ్య వాళ్ళింట్లో ఇంకా ఉంది. లోపలి నూలు చీరలు ఎప్పుడో ఉండలు కట్టేశాయి, ఎత్తి దులిపితే కదులుతున్నట్టు తెలుస్తుంది. పైన ఆ పచ్చ నైలెక్స్ మాత్రం పూలు చెదరకుండా ఉంది. ఇన్నాళ్ళూ బొంతని పట్టి ఉంచింది అదే.

మరి నూలే ఎందుకు అని పట్టుబడుతున్నాం మనం? ఒంటికి తగిలేది కాబట్టి చెమట పీల్చాలి అని నేనే చాలాసార్లు చెప్పాను, ఇప్పటికీ చెబుతాను, హైదరాబాదు ఎండల్లో అది అబద్ధం కాదు. కానీ గోడకి వేలాడదీసేవి, సోఫా మీద వేసేవి కుట్టేవాళ్ళమూ అదే నియమం పట్టుకుని కూర్చున్నాం. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి ఆడవాళ్ళు పొలం ప్యాంట్లు, మోకాళ్ళు అరిగిన జీన్సు, పని దగ్గర మిగిలిన కార్డురాయ్, ఏది దొరికితే అది కుట్టారు. వాళ్ళ బొంతల్ని 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో పెట్టారు, 2006లో తపాలా బిళ్ళల మీద వేశారు. అరిగిన మోకాలి దగ్గర రంగు ఎలా వెలిసిందో అలాగే ఉంచి కుట్టారు వాళ్ళు. ఎవరూ పోగు కాల్చి చూడలేదు.

ఇంకో సంగతి కూడా బాధ పెడుతోంది. పోయిన విడతలో అందరం మెచ్చుకున్న కవరు గుర్తుందా? ఒక్క దారం ఊడకుండా, అంగుళం తేడా లేకుండా వచ్చింది. అదంతా కొత్త బట్ట. జనరల్ బజారు లాంటి చోట మీటర్ల లెక్కన కొని చదరాలు కోసింది ఆవిడ, తనే చెప్పింది. నేనూ ఆహా అన్నాను. కొత్త తానుని ముక్కలు చేసి పంపుకుంటే దానికి మార్పిడి ఎందుకు, ఎవరి మటుకు వాళ్ళు కొనుక్కోవచ్చు కదా. ఎవరింట్లోనో మిగిలింది నా బొంతలో ఉండాలనే కదా ఇదంతా మొదలుపెట్టింది. ఆ లెక్కన ఇవాళ్టి కవరే అసలు కవరు. ఎవరో కట్టుకుని విడిచిన చీరలు, పిల్లల గౌన్లు. అంచుల్లో పాత కుట్టు ఊడదీసిన చుక్కలు కూడా ఉన్నాయి.

అందుకని ఆ పూసల ముక్కల్ని పారేయడం లేదు. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ధి తెగ ఆడవాళ్ళు కుట్టే కవంది అనే బొంత పద్ధతిలో వేస్తాను. అదీ మా అవ్వలాగే అంచు నుంచి మొదలై లోపలికి వస్తుంది, ముక్క ఏ కొలతలో ఉన్నా చోటు చూసి మడిచి కుట్టుకుంటూ పోవచ్చు. మూలల్లో వాళ్ళు పువ్వులా మడిచిన గుడ్డలు పెడతారు, ఆ గులాబీ పూలది ఒక మూలకి సరిపోతుంది, కాలింది పోగా మిగిలితే. అడుగున మాత్రం పాత పంచె వేస్తాను. ఆ ముక్కలకి ఇస్త్రీ మాట ఎత్తను.

అక్కకి టైపు చేసిన మెసేజ్ చెరిపేశాను. కవరు పంపిన ఆవిడకే రేపు పొద్దున రాస్తాను, ఆ పూల చీర ఇంకా మిగిలుంటే పెద్ద ముక్కగా పంపమని. కొలత సంగతి మాత్రం వదలను. నూలువి ఎన్ని పంపినా సరే, అవి మాత్రం కొలిచి కొయ్యమంటాను. స్కేలు లేకపోతే నా దగ్గరున్న అట్టముక్క కొలతే పంపిస్తాను, 50 గ్రాముల్లో అదీ పడుతుంది.