పిలిస్తే పలకని పిల్ల

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, ఆటల పోటీలూ వార్షికోత్సవాలూ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారులే అనుకున్నాను. నాకు రాయాలనిపించింది మన బడిలో ఏ గ్రూప్ ఫొటోలోనూ పడని పని గురించి. చదువులో జారుతున్న పిల్లల్నీ ఇబ్బందుల్లో ఉన్న ఇళ్లనీ మన టీచర్లు ముందే ఎలా పసిగట్టేవాళ్లన్న సంగతి.

ఒకటో తరగతి అయ్యేసరికే నాకు పొగరని పేరొచ్చేసింది. పిలిస్తే పలకను. చెప్పిన పని సగం చేసి కూర్చుంటాను. డిక్టేషన్‌లో ‘గంప’ అంటే ‘కంప’ అని రాస్తాను. “ఇంట్లోనూ ఇంతేనండీ, పదిసార్లు పిలవాలి” అని అమ్మ కూడా వంత పాడింది. రెండో తరగతి టీచరుగారు మాత్రం తిట్టకుండా గమనించేవారు. నేను లెక్కలు చేసుకుంటుంటే వెనక నుంచి వచ్చి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచేవారు. ఇంకో రోజు ఎదురుగా నిలబడి, పెదాలు కనబడకుండా నోటికి అట్ట అడ్డం పెట్టుకుని పిలిచేవారు. నాకదో ఆట. ఆవిడ ఒక నోటుబుక్కులో తేదీ వేసి ‘పలికింది’, ‘పలకలేదు’, ‘జలుబు’ అని రాసుకుంటున్నారని అప్పుడు నాకేం తెలుసు? ‘పలకలేదు’ అని ఉన్న చోట దాదాపు ప్రతిసారీ పక్కన ‘జలుబు’ ఉంది.

ఆ నోటుబుక్కు పట్టుకునే అమ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చెవిపొర వెనకాల జిగురునీరు చేరిందన్నారు. దీన్నే గ్లూ ఇయర్ అంటారు. ఇప్పుడు పిల్లలకు వినికిడి పరీక్షలు చేయడమే నా ఉద్యోగం కాబట్టి ధైర్యంగా చెప్పగలను, చిన్నపిల్లల్లో ఇది చాలా మామూలు. నొప్పి ఉండకపోవచ్చు. ఒకవారం వినబడుతుంది, ఇంకో వారం వినబడదు. అందుకే పెద్దవాళ్లకి “కావాలంటే వింటుంది, లేకపోతే లేదు” అనిపిస్తుంది. పూర్తిగా చెవుడైతే ఎవరో ఒకరు కనిపెడతారు. ఇలా వచ్చిపోయేదే మోసం చేస్తుంది. టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే, క్లాసులో గోల ఉంటే, మెల్లగా పలికే హల్లులు అసలు అందవు.

చాలామందికి మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. డాక్టర్లు కూడా తొందరపడకుండా ముందు ఆగి చూస్తారు. నాకూ తగ్గిపోయింది. అయితే ఆ మూడు నెలలూ పాఠాలు ఆగవు కదా! టీచరుగారు నన్ను ముందు బెంచీకి మార్చారు, నా వైపు తిరిగాకే మాట్లాడేవారు. పక్కనున్న పిల్లకి “పిలిస్తే దీని భుజం తట్టు” అని డ్యూటీ వేశారు. తప్పిపోయిన ఒత్తుల్నీ గుణింతాల్నీ ప్రార్థన గంటకు ముందే కూర్చోబెట్టి మళ్లీ చెప్పారు.

తగ్గేదే అయితే ఇంత హడావుడి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 1988లో కోనీ జుయెల్ అనే అమెరికన్ పరిశోధకురాలు 54 మంది పిల్లల్ని ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా గమనించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకటో తరగతి చివర చదవడంలో వెనకబడ్డ పిల్ల నాలుగో తరగతి చివర కూడా వెనకే ఉండే అవకాశం 0.88, అంటే నూటికి 88 పాళ్లు అని తేలింది. చదవడం రాని పిల్ల తక్కువ చదువుతుంది, తక్కువ చదివింది కాబట్టి ఇంకా వెనకబడుతుంది. “పెద్దయితే అదే వస్తుందిలే” అన్న మాట నాకు అందుకే మంట. చెవి బాగవుతుంది, పోయిన పాఠం తిరిగి రాదు.

న్యూజిలాండ్‌లో మేరీ క్లే 1970లలో మొదలుపెట్టిన రీడింగ్ రికవరీ కూడా ఇలాంటి పద్ధతే. బడిలో ఒక ఏడాది గడిచినా చదవడం పట్టుబడని ఆరేళ్ల పిల్లలకి రోజూ అరగంట, ఒక్కొక్కరికీ విడిగా, పన్నెండు నుంచి ఇరవై వారాలు. చదువుతున్నప్పుడు పిల్ల ఎక్కడ ఆగిందో, ఏది మార్చి చదివిందో టీచరు గుర్తులు వేసుకుంటుంది. ఫిన్లాండ్‌లోనైతే జబ్బు పేరు రాసిన కాగితం లేకుండానే స్పెషల్ టీచరు దగ్గర కొద్దికాలం సాయం తీసుకునే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. సర్టిఫికెట్ తెస్తేనే సాయం అనే చోట్ల ఏడాది తిరిగిపోవడం నా ఉద్యోగంలో చూస్తూనే ఉంటాను.

ఇక ఇళ్ల సంగతి. మన హెడ్మాస్టరుగారి గదిలో గోడవారగా ఒక చెక్క బెంచీ ఉండేది, గుర్తుందా? తల్లిదండ్రులు వస్తే ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి ఆ బెంచీ మీదే పక్కన కూర్చునేవారు. చదువు రాని తండ్రికి ప్రోగ్రెస్ రిపోర్టు మెల్లగా, ఇంకెవరూ వినకుండా చదివి వినిపించేవారు. ముందు పిల్లవాడు బాగా చేసిందేదో చెప్పి, ఆ తరవాతే అసలు విషయానికి వచ్చేవారు. మన క్లాసులో ఒకడు వారంలో సగం రోజులు ఆలస్యంగా వచ్చేవాడు. బయట నిలబెట్టకుండా ఆరా తీస్తే, తల్లి మంచాన పడిందనీ, చెల్లెల్ని వాడే చూసుకుంటున్నాడనీ తెలిసింది. మర్నాటి నుంచి ఆ పిల్ల కూడా మన క్లాసులో ఓ మూల కూర్చుని పలక మీద గీతలు గీసుకునేది. తల్లికి రావలసిన సాయం కోసం అప్లికేషన్లు హెడ్మాస్టరుగారే నింపి పెట్టారు. ఇదంతా మనకు పెద్దయ్యాక తెలిసింది. వాడి ఇంటి గుట్టు క్లాసులో ఎవరూ ఎత్తకపోవడమే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

పూర్వ విద్యార్థులంతా కలిసి బడికి ఏమివ్వాలన్న చర్చ నడుస్తోంది కాబట్టి నా మాటా వేస్తున్నాను. స్మార్ట్ బోర్డు వద్దనను. దాంతోపాటు ఒకటి, రెండు తరగతుల పిల్లలకి ఏటా చెవి, కంటి పరీక్షలు చేయిద్దాం. ఒక కన్ను మందగించడం లాంటివి ఏడేళ్లలోపు పట్టుకుంటే చికిత్స బాగా పనిచేస్తుంది. చెవి పరీక్షల పరికరాలు నేను తెస్తాను. ఆటస్థలానికి దూరంగా, ఫ్యాన్ చప్పుడు లేని గది ఒకటి కావాలి. బడి తెరిచిన వారంలో మాత్రం పెట్టొద్దు, జలుబులు ఎక్కువగా ఉండే నెలల్లో పెడదాం. అప్పుడైతేనే నాలాంటి వాళ్లు దొరుకుతారు.