వాసం చీల్చడానికి ఎన్ని పళ్ళు?

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ మీదికి వచ్చినప్పుడు మా కింద వాటాలో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు పూర్తిగా తీశాక లోపలికి వెళ్ళి చూస్తే ప్లైవుడ్ మంచాలు పొరలు పొరలుగా విచ్చుకుని ఉన్నాయి. పిల్లల చదువుబల్ల తడిసిన అట్టలా ఉబ్బిపోయి చేత్తో ముట్టుకుంటేనే రాలిపోయింది. మేడ మీద రేకుల షెడ్డులో మాత్రం పద్నాలుగు టేకు వాసాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మంగళగిరిలో మా అమ్మమ్మ వాళ్ళ మగ్గాల ఇల్లు విప్పినప్పుడు అడితివాళ్ళకు అమ్మడానికి మనసొప్పక తెచ్చి పెట్టుకున్నవి అవి. ఇంట్లోకి మళ్ళీ ప్లైవుడ్డు రాకూడదని ఆ రోజే అనుకున్నాను. మంచాలు ఈ వాసాలతోనే చేయాలి, నా చేతులతోనే చేయాలి.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. చెక్కపని నలభై దాటాక పట్టుకున్నాను. అప్పటికే స్టూళ్ళు, పీటలు, ఒక పూజామందిరం చేసి ఉన్నాను కాబట్టి మంచం కష్టమేమీ కాదనిపించింది. పదంగుళాల టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే కరెంటు రంపం, ఒకటి కొన్నాను. రెండు వేల వాట్ల మోటారు, నిమిషానికి 4800 చుట్లు. దాంతో వచ్చిన బ్లేడు నలభై పళ్ళది. షాపులో అబ్బాయి, "మేడం, టేకు కదా, అరవై పళ్ళది తీసుకోండి, కోత నున్నగా వస్తుంది" అన్నాడు. పళ్ళు ఎక్కువుంటే కోత నున్నగా ఉంటుందన్న మాట వినడానికి బాగానే ఉంది. తీసుకున్నాను.

నా వాసాలు నాలుగంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం. వాటిని నిలువుగా చీల్చి మంచానికి అడ్డపట్టీలు తీయాలి. మొదటి వాసం రెండడుగులు లోపలికి వెళ్ళేసరికి పొగ మొదలైంది. మూడో అడుగు దగ్గర మోటారు ములిగి ఆగిపోయింది, కింద ఉన్న ఎర్ర బటన్ పైకి లేచింది. చల్లారాక నొక్కి మళ్ళీ తోశాను, మళ్ళీ ఆగింది. వాసం వెనక్కి లాగి చూస్తే కోత పొడవునా నల్లటి మచ్చలు, అగరుబత్తి కొసలా. అమ్మమ్మ ఇంటి కప్పుని అన్నేళ్ళు మోసిన కర్రని నేను మాడ్చేశానే అని ఆ పూట అన్నం సయించలేదు.

మా ఇంటి తలుపులు చేసిన పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన్ని చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. కృష్ణలంక నుంచి మర్నాడు పొద్దున్నే వచ్చారు. రంపం వైపు చూడలేదు, వంగి కింద పడిన పొట్టు గుప్పెడు తీశారు. రెండు వేళ్ళ మధ్య నలిపి నా అరచేతిలో పోశారు.

"ఏంటమ్మా ఇది?"

"రంపప్పొట్టు బాబాయ్."

"పొట్టు కాదు, పిండి. గోధుమపిండిలా ఉంది చూడు. అడ్డకోతకి పిండి రావాలి. చీల్చేటప్పుడు పోగు రావాలమ్మా. పోగు రాలేదంటే పన్ను కొయ్యట్లేదు, రుద్దుతోంది."

ఆ మాటతో నాకు మగ్గం గుర్తొచ్చింది. బట్టకి పడుగూ పేకా రెండూ ఉంటాయి, చెక్కలో నారంతా దాదాపు పడుగే. అడ్డంగా కోసేటప్పుడు ప్రతి పోగునీ తెంపాలి. దానికి కత్తి మొనల్లాంటి పళ్ళు కావాలి, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ ఏటవాలుగా పదును పెట్టినవి, అదీ ఎక్కువ సంఖ్యలో. నిలువుగా చీల్చేటప్పుడు చేయాల్సింది పోగుల్ని లేపి బయటికి తోడడం. దానికి పన్ను తల బల్లపరుపుగా, ఉలి అంచులా ఉండాలి. చెక్కను పట్టుకునేలా ఇరవై డిగ్రీల దాకా ముందుకు వాలి ఉండాలి. తోడిన పోగు చెక్క లోపలినుంచి బయటపడేదాకా ఎక్కడో ఒకచోట ఇమడాలి కదా, అందుకే పన్నుకీ పన్నుకీ మధ్య లోతైన గుంత కావాలి. అరవై పళ్ళ బ్లేడులో ఆ గుంతలు చిక్కుడు గింజంత కూడా లేవు. పొట్టు అందులో ఇరుక్కుని చెక్కతో రాసుకుని వేడెక్కుతుంది.

ఆ రాత్రి లెక్క వేశాను. నేను సెకనుకి ఐదు సెంటీమీటర్లు, అంటే నిమిషానికి మూడు మీటర్లు తోస్తాననుకుందాం. అరవై పళ్ళ బ్లేడు నిమిషానికి 4800 సార్లు తిరిగితే 2,88,000 పళ్ళు చెక్కను తాకుతాయి. మూడు మీటర్లని వాటికి పంచితే ఒక్కో పన్ను వంతు మిల్లీమీటరులో నూరో వంతు. చీల్చడానికి వాడే ఇరవై నాలుగు పళ్ళ బ్లేడైతే 1,15,200 పళ్ళు, ఒక్కోదానికి 0.026 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర రెట్లు. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ పదునైన అంచు చెక్కలోకి దిగాలన్నా కొంత మందం దొరకాలి. నూరో వంతు దగ్గర పన్ను పైపైన జారుతుంది, జారితే వేడి. పైగా మోటారు చిన్నది, అన్ని పళ్ళని ఒకేసారి లాగలేక నేను తోసే వేగం తగ్గించాను. తగ్గించిన కొద్దీ పన్ను వంతు ఇంకా పలచబడి ఇంకా మాడింది. టేకులో ఉండే నూనె, పన్నుకి అంటుకునే జిగురు కూడా దానికి తోడయ్యాయి.

ఆ ఇరవై నాలుగు పళ్ళ రిప్ బ్లేడు (నిలువుగా చీల్చే బ్లేడు) కోసం వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, చూసుకోవాల్సింది పళ్ళ లెక్క ఒక్కటే కాదని. నా రంపం షాఫ్టు 30 మిల్లీమీటర్లు. ఆన్‌లైన్‌లో దొరికే బ్లేడుల్లో చాలావాటికి రంధ్రం 25.4, అమెరికా మార్కెట్టుకి చేసినవైతే 15.88. ఆటోనగర్‌లో ఒకతను లేతు మీద రంధ్రం పెద్దది చేసిస్తానన్నాడు. వద్దన్నాను. వెంట్రుకవాసి పక్కకు జరిగినా బ్లేడు ఊగుతుంది. పదంగుళాల బ్లేడు అంచు ఆ చుట్ల మీద గంటకు 230 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దాని విషయంలో సర్దుకుపోవడం నాకు ఇష్టం లేదు. రంధ్రం పెద్దదైతే కొలతకు సరిపోయే రింగు వేసుకోవచ్చు, చిన్నదైతే ఆ బ్లేడు మనది కాదు, అంతే. బ్లేడు మీద రాసిన గరిష్ఠ చుట్లు మన రంపం చుట్లకంటే ఎక్కువ ఉండాలన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇంకోటి మందం. నేను ముందు పలచటి బ్లేడు ఎంచుకున్నాను, రెండు మిల్లీమీటర్ల కోత. టేకు వృథా కాదు, మోటారుకీ తేలిక. బాబాయ్ వచ్చినప్పుడు బ్లేడు వెనక నిలబడి ఉండే ఉక్కు రెక్కని వేలితో తట్టి, "ఇది పడుతుందా మరి అందులో?" అన్నారు. ఆ రెక్క పేరు రైవింగ్ నైఫ్. చీలిన రెండు ముక్కలు వెనక మళ్ళీ మూసుకుపోకుండా అడ్డుకోవడం దాని పని. నాదాని మీద 2.3 అని చెక్కి ఉంది. రెండు మిల్లీమీటర్ల సందులో 2.3 రెక్క ఎలా దూరుతుంది? చెక్క దానికి గుద్దుకుని ఆగిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఆ రెక్కని విప్పి పక్కన పడేయడం. అది మాత్రం ఎవరూ చేయకండి. బ్లేడు రేకు, అంటే పళ్ళు అతికించిన ఉక్కు పలక, రెక్క కన్నా పలచగా, పళ్ళ కోత రెక్క కన్నా వెడల్పుగా ఉండాలి. చివరికి 1.8 రేకు, 2.8 కోత ఉన్నది తెచ్చుకున్నాను. ఫ్రాయిడ్, సీఎంటీ లాంటి ఇటలీ కంపెనీలు రిప్ కోతకే ప్రత్యేకంగా చేసే బ్లేడులు చాలా బాగుంటాయి. నాకు మాత్రం కొలతలన్నీ కుదిరింది దేశంలో దొరికేదే.

ఆ రెక్క విలువ నాలుగో వాసం దగ్గర తెలిసింది. పైకి తిన్నగా ఉన్న కర్ర, సగం చీలాక రెండు ముక్కలూ విల్లులా లోపలికి వంగి బ్లేడు వెనక బిగుసుకున్నాయి. ఎండిన పాత కర్రలో కూడా అలాంటి బిగువు దాగి ఉంటుంది, చీల్చినప్పుడే బయటపడుతుంది. రెక్క లేకపోతే వెనక పళ్ళు పట్టుకుని ఆ కర్రని నా పొట్ట మీదికి విసిరేవి. అప్పటికీ నేను బ్లేడుకి సూటిగా నిలబడలేదు, కొంచెం ఎడమకి జరిగే ఉన్నాను. స్విచ్ ఆపి, పూర్తిగా ఆగాక, కోతలో చిన్న చెక్క చీలిక దిగ్గొట్టి మిగతాది పూర్తిచేశాను.

పాత వాసాలకి మేకులుంటాయి. పాడైపోయిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని బట్టలో చుట్టి కర్ర నాలుగు పక్కలా రాయమన్నారు బాబాయ్. ఒక్క వాసంలోనే మూడు దొరికాయి, తలలు ఎప్పుడో విరిగిపోయి కర్రలో కలిసిపోయినవి. బ్లేడు పళ్ళకి కొసన అతికించే కార్బైడ్ గట్టిదే కానీ పెళుసు, మేకు తగిలితే చిట్లుతుంది. మేకులు పీకాక ఒక ముఖం, ఒక అంచు చిత్రిక పట్టి తిన్నగా చేశాకే రంపం మీద పెట్టాను. మెలిక తిరిగిన కర్రని ఫెన్సుకి (కర్ర తిన్నగా పోవడానికి బ్లేడు పక్కన ఉండే అడ్డపట్టీకి) ఆనించి తోస్తే ఏ బ్లేడైనా ఇరుక్కుంటుంది. బ్లేడు ఎత్తు పళ్ళ మధ్య గుంత కర్ర పైకి కాస్త కనిపించేంత పెట్టాను, ఆ పొట్టు బయటపడాలి కదా.

ఇరవై నాలుగు పళ్ళు వేసి తోసిన మొదటి వాసం పొగ లేకుండా వెళ్ళింది. మోటారు గొంతు కొంచెం బరువెక్కింది, అంతే, ఎక్కడా ములగలేదు. ఆపి కిందికి చూస్తే కాళ్ళ దగ్గర పోగులు పడున్నాయి. పలచటి, మెలికలు తిరిగిన టేకు నూలు, కొన్ని వేలెడు పొడవు. ఎప్పుడో ఆపేసిన మగ్గం కింద పడివుండే తుక్కులానే ఉంది. వాసన మాత్రం వేరు, కొత్త తోలు చెప్పుల వాసనలా. కోసిన ముఖం అరవై పళ్ళంత నున్నగా లేదు, సన్నటి గీతలున్నాయి. చిత్రికతో నాలుగు లాగులు లాగితే పోయాయి.

అరవై పళ్ళ బ్లేడుని పారేయలేదు. పట్టీల కొసలు అడ్డంగా కోయడానికి దాన్నే వేస్తున్నాను, దాని పని అది బ్రహ్మాండంగా చేస్తోంది. నలభై పళ్ళది రెండు పనులూ ఓ మాదిరిగా చేస్తుంది, అంగుళంలోపు కర్రకి అది చాలు. మూడు వాసాలకోసారి రిప్ బ్లేడు విప్పి, వేడినీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు కలిపి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో పళ్ళకంటిన జిగురు తీసి, తుడిచి ఆరబెడతాను. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదును త్వరగా పోతుంది. కార్బైడుకి ఆకురాయి పనికిరాదు, వజ్రపు చక్రం మీదే సాన పట్టించాలి.

తొమ్మిది వాసాలు చీల్చాను, పెద్ద మంచానికి పట్టీలు అయిపోయాయి. పిల్లల మంచానికి ఇంకో ఐదు వాసాలున్నాయి, దసరా సెలవుల్లో చీలుస్తాను. మొన్న వచ్చినప్పుడు బాబాయ్ కింద ఉన్న పోగుల్లోంచి గుప్పెడు తీసి సంచిలో వేసుకున్నారు. పొయ్యి రాజేయడానికి ఇంతకంటే మంచిది లేదట.