తల దొరకని డైనోసార్, సింగరేణి తాత

హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్ళేవారిలో ఎక్కువమంది పక్కనే ఉన్న ప్లానెటేరియం కోసమే కొండ ఎక్కుతారు. 1985లో మొదలైన ఆ ప్లానెటేరియం మీద నాకూ ఇష్టమే కానీ, ఈసారి మా నాన్నను, మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళింది మాత్రం 2000 సంవత్సరంలో తెరిచిన డైనోసారియం కోసం.

అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పేరులోని యామన్‌పల్లి పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు. కోటా అనేది ప్రాణహిత-గోదావరి లోయలో ఈ ఎముకలు దొరికిన రాతిపొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో ఈ జంతువుకు శాస్త్రీయంగా నామకరణం చేశారు. టీవీ చూసి టీ-రెక్స్ కోరల లెక్క చెప్పగలిగే మన పిల్లలకు, గోదావరి ఒడ్డున బతికిన ఈ శాకాహారి పేరు తెలియకపోవడం నాకు కొంత చిన్నతనంగానే అనిపిస్తుంది.

మ్యూజియం వారి లెక్క ప్రకారం దీని పొడవు 44 అడుగులు, ఎత్తు 16 అడుగులు. అయితే ఆ కొలతల కన్నా కాళ్ళను చూడటం మేలు. తొడ ఎముక ఎక్కడా వంపు లేకుండా నిటారుగా దిగుతుంది; అంత బరువును మోయాలంటే కాలు అలాగే ఉండాలి. ఇది ఒక్క జంతువు అస్థిపంజరం అనుకుంటే పొరపాటే. తవ్వకాల్లో కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు దొరికాయి. వాటిలో పుర్రె మాత్రం లేదు. తలకు సంబంధించి చేతికి వచ్చినవి పళ్ళు మాత్రమే, కాబట్టి మన ఎదుట కనిపించే తల దగ్గరి జాతుల పోలికను బట్టి ఊహించి చేసినది. ఈ సంగతి చెప్పగానే మా అమ్మాయి దాని మెడ కిందికి వెళ్ళి, ఊహించిన తల ఎక్కడ మొదలవుతుందో వెతకసాగింది. నాకు తోచినంతవరకు, ఆ గదిలో చేయదగిన పనుల్లో అదే ఉత్తమమైనది.

మా నాన్న సింగరేణిలో పనిచేసి రిటైర్ అయ్యారు. బోర్డు మీద గోదావరి లోయ పేరు చదవగానే ఆయనకు ఉత్సాహం వచ్చింది.

"మా బాయిల బొగ్గు దీనికన్నా కిందిదా, మీదిదా?" అని నన్ను అడిగారు.

బొగ్గు పొరలు ఇదే లోయలోవే అయినా, కోటా పొరల కన్నా చాలా పాతవి. కోటాసారస్ కాలం సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటిదైతే, ఆ బొగ్గుగా మారిన అడవులు పాతిక కోట్ల ఏళ్ళకు పైబడినవి. అంటే ఈ జంతువు తిరుగాడిన నాటికే సింగరేణి బొగ్గు దాని కాళ్ళ కింద ఎంతో లోతున పూడుకుని ఉంది. అది విన్న నాన్న, బాయిలో బొగ్గును ఆనుకున్న రాతి పలకల మీద ఆకుల అచ్చులు కనిపించేవని, నడిమి ఈనె, దాని నుంచి చీలిన సన్నటి ఈనెలు కూడా స్పష్టంగా ఉండేవని మనవరాలికి వేలితో గాలిలో గీసి చూపించారు. గ్లోసోప్టెరిస్ అనే ఆ చెట్టు ఆకులు నాలుక ఆకారంలో ఉంటాయి. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల్లో సైతం అవి దొరకడం, ఈ నేలలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి పాత సాక్ష్యాలలో ఒకటి.

"మరి ఆ రాయి ఇంటికి తేలేదేంది తాతా?" అని అమ్మాయి నిలదీసింది.

"బొగ్గుతోపాటు టబ్బులకు ఎత్తేటోళ్ళం బిడ్డా" అన్నారాయన.

మిగిలిన గదులను త్వరగానే దాటేశాం. ఇదే కోటా పొరల్లో సిరొంచ వైపు దొరికిన మరో పెద్ద డైనోసార్, బారాపాసారస్ టాగోరై, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దానికీ పుర్రె దొరకలేదు. వచ్చే సెలవుల్లో అక్కడికి వెళ్ళాలని, దానికి ఎలాంటి తల పెట్టారో చూడాలని తాతా మనవరాలు కలిసి నిర్ణయించేశారు. టికెట్లు చేయించడం నా వంతు.