కాసరీన్‌కు ముందే జరిగిన తప్పు

రెండో ప్రపంచ యుద్ధం, 1943 ఫిబ్రవరి, ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా. అమెరికన్ల ఓటమి అనగానే అందరూ కాసరీన్ కనుమ గురించే మాట్లాడతారు. నా దృష్టిలో అసలు తప్పు సిదీ బూ జిద్ అనే ఊరి దగ్గర జరిగింది. లెసూదా, క్సైరా అనే రెండు కొండల మీద పదాతిదళాన్ని పెట్టారు. ఒక కొండ మీదివాళ్లు కాల్పులతో రెండో కొండను కాపాడలేనంత దూరం. 14న జర్మన్ ట్యాంకులు ఆ కొండలను చుట్టుముట్టాయి.

మర్నాడు ఒక అమెరికన్ ట్యాంకు బెటాలియన్ బయలు మైదానంలో వరుసలు తీరి, దుమ్ము రేపుకుంటూ ఎదురుదాడికి వెళ్లింది. పక్కల్లో దాగిన ఫిరంగులు వాళ్లు దగ్గరికొచ్చేదాకా ఆగి కాల్చాయి. దాదాపు 50 ట్యాంకుల్లో తిరిగొచ్చినవి నాలుగే.

జర్మన్లు కాసరీన్ కనుమ దాటి థాలా పట్టణం దాకా వచ్చాక, అక్కడ 22న బ్రిటిష్ వారికి అండగా నిలిచినవి పశ్చిమ అల్జీరియా నుంచి దాదాపు 1,200 కిలోమీటర్లు నాలుగు రోజుల్లో దాటొచ్చిన అమెరికన్ ఫిరంగులు. ఆ 48 హోవిట్జర్లకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.