పీజీ ఎంట్రన్స్‌కి ట్యూమర్ యాంజియోజెనెసిస్: ఆక్సిజన్ దగ్గర మొదలుపెట్టండి

రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి తిరుపతి, చిత్తూరు జూనియర్లందరిదీ ఒకటే ప్రశ్న: నియోప్లేసియా (గడ్డల చాప్టర్) ఎలా చదవాలక్కా అని. ఆ వెంకన్న దయవల్ల ర్యాంకు బాగా వచ్చింది, సంతోషంగా చెప్తున్నా. చాప్టరంతా ఇక్కడ కుదరదు కానీ యాంజియోజెనెసిస్, అంటే కొత్త రక్తనాళాలు మొలవడం మాత్రం చెప్పి తీరాలి. పుస్తకంలో ఉండేది కాస్తే, ప్రశ్నలు మాత్రం పాథాలజీలో, ఫార్మాలో, సర్జరీలో, ఆప్తాల్‌లో అన్నిట్లోనూ పడతాయి. చాలామంది పెంచేవి ఇవి, ఆపేవి ఇవి అని రెండు పట్టికలు బట్టీపట్టి పేజీ తిప్పేస్తారు. ఆప్షన్లు కొంచెం మార్చి అడిగితే ఆ బట్టీ నిలవదు.

రక్తనాళం నుంచి ఆక్సిజన్ కణజాలంలోకి 100 నుంచి 200 మైక్రాన్ల దూరమే చేరుతుంది. అందుకే సొంత రక్తనాళాలు లేని గడ్డ 1-2 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. 1971లో జుడా ఫోక్‌మన్ చెప్పింది ఇదే: నాళాలు రానివ్వకపోతే గడ్డ పెరగదు. మిగతా టాపిక్ అంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకోండి. పైన ఆక్సిజన్ అని రాసి కిందికి బాణాలు వేయండి. ఆక్సిజన్ ఉంటే ప్రోలైల్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ పనిచేసి హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్‌కి హైడ్రాక్సిల్ తగిలిస్తుంది. ఆ గుర్తు చూసి వీహెచ్ఎల్ ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది, యుబిక్విటిన్ అనే ట్యాగ్ అంటిస్తుంది, ఆ ట్యాగ్ ఉన్నదాన్ని కణంలోని ప్రోటియాజోమ్ ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, వీహెచ్ఎల్ పట్టుకోలేదు. హిఫ్-1 ఆల్ఫా పోగుపడి న్యూక్లియస్‌లోకి వెళ్లి, హిఫ్-1 బీటాతో జతకట్టి, నాళాలు మొలిపించే ప్రోటీన్ అయిన వెజ్‌ఎఫ్ జీన్‌ని నడిపిస్తుంది. ఈ దారి కనిపెట్టినందుకే 2019 నోబెల్ కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు వచ్చింది.

ఆ కాగితం మీద ఒక్కో మెట్టునీ పెన్సిల్‌తో కొట్టేసి, కింద ఏమవుతుందో మీరే రాయండి. వీహెచ్ఎల్ కొట్టేస్తే? ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం ఊపిరాడనట్టే ప్రవర్తిస్తుంది, వెజ్‌ఎఫ్ తయారవుతూనే ఉంటుంది. క్లియర్ సెల్ రీనల్ కార్సినోమా అనే కిడ్నీ క్యాన్సర్ అంత రక్తమయంగా ఉండటానికీ, వెజ్‌ఎఫ్ రిసెప్టర్లను ఆపే సునిటినిబ్ అక్కడ పనిచేయడానికీ, వీహెచ్ఎల్ సిండ్రోమ్‌లో హీమాంజియోబ్లాస్టోమా అనే నాళాలు నిండిన గడ్డ రావడానికీ కారణం ఇదే. ఒక ఉచ్చు గుర్తుంచుకోండి: హైపాక్సియాలో (ఆక్సిజన్ తగ్గినప్పుడు) ముఖ్యంగా మారేది హిఫ్-1 ఆల్ఫా తయారీ కాదు, దాని విచ్ఛిన్నం. ఆప్షన్లలో "ట్రాన్స్‌క్రిప్షన్ పెరుగుతుంది" అని ఉంటే నమ్మకండి.

దీన్నే స్లైడ్ మీద చూడాలంటే గ్లియోబ్లాస్టోమా అనే మెదడు గడ్డ తీయండి. మధ్యలో నెక్రోసిస్ (చచ్చిన కణజాలం), దాని అంచున వరుసకట్టిన కణాలు. ఆ కణాలకే ఆక్సిజన్ అందడం లేదు, వెజ్‌ఎఫ్ వదిలేది అవే. ఆ పక్కనే గ్లోమెరులస్‌లా ముద్దకట్టిన ఎండోథీలియం (నాళం లోపలి పొర) కనిపిస్తుంది. పాలిసేడింగ్ నెక్రోసిస్, మైక్రోవాస్కులర్ ప్రొలిఫరేషన్ అని విడివిడిగా చదివే రెండూ ఒకే సంగతి.

తర్వాతి మెట్టు మొలక. వెజ్‌ఎఫ్ వెళ్లి వెజ్‌ఎఫ్ రిసెప్టర్-2కి తగలగానే ఒక ఎండోథీలియల్ కణం టిప్ సెల్ (మొలక కొన) అవుతుంది. అది డీఎల్ఎల్-4 అనే ప్రోటీన్ చూపిస్తుంది, పక్క కణంలో నాచ్ అనే రిసెప్టర్ మేలుకొని అక్కడ రిసెప్టర్-2 తగ్గిపోతుంది, ఆ కణం స్టాక్ సెల్‌గా (మొలక కాడగా) మిగులుతుంది. డీఎల్ఎల్-4ని ఆపితే నాళాలు తగ్గుతాయని అనిపిస్తుంది కదా? తగ్గవు, మొలకలు విపరీతంగా పెరుగుతాయి. కానీ వాటిలో రక్తం సరిగా పారదు, అందుకే గడ్డ పెరగదు. మొలకకి పెరిసైట్లని (నాళాన్ని చుట్టి పట్టుకునే కణాలని) పిలిచేది పీడీజీఎఫ్-బి, స్థిరపరిచేది యాంజియోపోయిటిన్-1, వదులు చేసేది యాంజియోపోయిటిన్-2. ట్యూమర్‌లో ఈ మూడింటి లెక్కా తప్పుతుంది కాబట్టి దాని నాళాలు హడావిడిగా వేసిన పైపులైనులా వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. 1983లో వెజ్‌ఎఫ్ మొదట బయటపడింది కూడా నాళాలను కార్పించే పదార్థంగానే. ట్యూమర్లో లోపలి ఒత్తిడి పెరగడం, కీమో లోపలికి సరిగా చేరకపోవడం దీనివల్లే.

ఇంత లోతు అవసరమా అంటారు. నా మటుకు నాకు అవసరమే. టైమ్డ్ సెక్షన్లలో వెనక్కి వెళ్లే వీలు లేదు, అక్కడ గుర్తు తెచ్చుకుంటూ కూర్చోలేం, తర్కం చేతికి రావాలి. రుయా ఆసుపత్రిలో డ్యూటీ చేసి అలసిపోయినా రోజూ ఆ కాగితం ఒకసారి చూడకుండా గీయండి. మూడ్ కోసం ఎదురుచూసేవాళ్లకి సిలబస్ ఎదురుచూడదు.

నాళాలు పెరగకుండా ఆపే బ్రేకులు త్వరగా: గడ్డల్ని అడ్డుకునే పీ53 ప్రోటీన్ త్రాంబోస్పాండిన్-1ని పెంచుతుంది, ఎండోస్టాటిన్ కొలాజెన్-18 నుంచి, యాంజియోస్టాటిన్ ప్లాస్మినోజెన్ నుంచి వస్తాయి. మందులు: బెవాసిజుమాబ్ వెజ్‌ఎఫ్-ఎ మీద, 2004లో మెటాస్టాటిక్ (వేరే చోటికి పాకిన) కొలోరెక్టల్ క్యాన్సర్‌కి వచ్చింది, రాముసిరుమాబ్ రిసెప్టర్-2 మీద, రానిబిజుమాబ్ కంట్లోకి. దుష్ఫలితాలూ తర్కమే: నైట్రిక్ ఆక్సైడ్ తగ్గి బీపీ పెరుగుతుంది, కిడ్నీలో వెజ్‌ఎఫ్ ఆగి మూత్రంలో ప్రోటీన్ పోతుంది, గాయం మానదు. అందుకే ఎలెక్టివ్ సర్జరీకి కనీసం 28 రోజుల ముందు బెవాసిజుమాబ్ ఆపాలి.

బెవాసిజుమాబ్ ఇచ్చినా గడ్డ ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకీ సిద్ధంగా ఉండండి. గడ్డ కొత్త నాళాలు మొలిపించకుండా అక్కడున్న నాళాలనే వాడుకోవచ్చు, లివర్ మెటాస్టాసిస్‌లో ఇది కనిపిస్తుంది. కంట్లో వచ్చే యూవియల్ మెలనోమాలో గడ్డ కణాలే నాళంలా గొట్టం కడతాయి. లేదా వెజ్‌ఎఫ్ ఆగిన చోట ఎఫ్‌జీఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్ ఆ పని అందుకుంటుంది.